పురుడు పోసినందుకు సంకెళ్లు

హంగేరీలో 2010 అక్టోబరులో ఒక ప్రసూతి డాక్టరమ్మని అరెస్టు చేసి, కాళ్లకీ చేతులకీ సంకెళ్లేసి కోర్టుకి తీసుకొచ్చారు. పేరు ఆగ్నెష్ గెరేబ్. అప్పటికే వేల కాన్పులు ఇళ్లల్లో చేసిన మనిషి. ఆ నెల ఐదో తేదీన పరీక్షకని బుడాపెస్ట్‌లోని తన కేంద్రానికి వచ్చిన గర్భిణికి ఉన్నట్టుండి నొప్పులొచ్చి అక్కడే కాన్పయింది. బిడ్డకి ఊపిరి సరిగా అందకపోతే అంబులెన్సుని పిలిచారు. పోలీసులూ వచ్చారు.

ఆవిడ చేతుల మీద కన్న తల్లులు ఊరుకోలేదు. పిల్లల్ని చంకనేసుకుని వీధుల్లోకొచ్చారు. ఎవరో ఒక డాక్టరు కోసం ఇంతమంది ఆడవాళ్లు రోడ్డెక్కడం మన దగ్గర ఎప్పుడైనా చూశామా? నాకైతే గుర్తు లేదు.

ఆవిడ మీద పాత కేసులూ ఉన్నాయి. ఆవిడ చేసిన ఇంటి కాన్పుల్లో బిడ్డలు పోయిన సందర్భాలున్నాయి. అది దాచి ఆవిణ్ణి దేవతని చేస్తే ఆ బిడ్డల తల్లులకి అన్యాయం. మా అమ్మమ్మ ఏడుగుర్ని ఇంట్లోనే కంది, మంత్రసాని చేతుల మీద. దక్కింది అయిదుగురు. అందుకే ‘పాత రోజులే బంగారం’ అనేవాళ్లతో నాకు పడదు.

కానీ హంగేరీ చట్టంలో ఉన్న మెలిక చూడండి. ఇంట్లో కనడం నేరం కాదు. దగ్గరుండి సాయం చేసిన డాక్టరుకో మంత్రసానికో మాత్రం శిక్ష! అంటే, కనాలనుకుంటే ఒంటరిగా కనవమ్మా అన్నట్టే కదా. అన్నా తెర్నోవ్‌స్కీ అనే గర్భిణి ఈ మాటే పట్టుకుని యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కింది. కాన్పు ఎలా జరగాలో ఎంచుకోవడం ఆడదాని సొంత జీవితంలో భాగమేనని 2010 డిసెంబరు 14న తీర్పొచ్చింది. 2011లో ప్రభుత్వం ఇంటి కాన్పులకి నిబంధనలు పెట్టి అనుమతిచ్చింది.

గెరేబ్‌కి మాత్రం అదే ఏడాది రెండేళ్ల జైలు శిక్ష పడింది. పై కోర్టు 2012లో దాన్ని ఖాయం చేసి, పదేళ్లు వృత్తి చెయ్యకూడదంది. ఏళ్ల తరబడి గృహ నిర్బంధం. 2018లో అధ్యక్షుడు యానోష్ ఆదెర్ జైలు శిక్ష మాఫీ చేశాడు, వృత్తి నిషేధం అలాగే ఉంచాడు. దారి తెరిపించిన మనిషికే ఆ దారిలో నడిచే వీల్లేకపోయింది.

మనకెందుకీ గోల అంటారా? మన దగ్గర ఇంటి కాన్పులు దాదాపు లేవు. తెలంగాణలో వందకి 97 కాన్పులు ఆసుపత్రిలోనే. మంచిదే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ వంద కాన్పుల్లో 60 దాటి సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81. అందరికీ అవసరమయ్యే చేశారంటే నేను నమ్మను. ముహూర్తాలు పెట్టించేది మనమే, ఆ తప్పు డాక్టర్ల మీదే తోసేయలేం. అయినా నొప్పులు పడే మనిషిని అడిగేదెవరు?

2017లో కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. ఆసుపత్రిలోనే, అవసరమైతే డాక్టరు అందుబాటులో ఉండగా, మంత్రసాని ఓపిగ్గా పక్కన కూర్చునే పద్ధతి. ఇల్లా, ఆసుపత్రా అన్న కొట్లాటకి ఇంతకంటే మంచి జవాబు నాకు కనపడలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఏడో నెల వస్తే ఆసుపత్రిలో నాలుగు మాటలు ముందే అడగండి. మీ దగ్గర వందలో ఎన్ని ఆపరేషన్లు? నొప్పులప్పుడు లేచి నడవనిస్తారా? మిడ్‌వైఫ్ ఉందా? తోడుగా ఒకరిని లోపలికి రానిస్తారా? ఆ ఆఖరి దానికి ‘రూల్స్ ఒప్పుకోవు’ అంటే, సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు గదిలో తోడుకి కేంద్రం 2016లోనే సరేనందని చెప్పండి. భర్తల్ని కాన్పు గదిలోకి రానిచ్చి గెరేబ్ చీవాట్లు తిన్నది 1970ల్లో!