తార్నాకలో గాడిదపిల్ల

మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందంటే మనిషిలో పాండిత్యం పలచబడుతుంది. అంతవరకు ప్రపంచశాంతిని గురించి మాట్లాడినవాడు, పక్కవీధిలో పూరీలు వేగుతున్నాయా అని వాసన పట్టడం మొదలుపెడతాడు. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. ఆకలి వేళకు వస్తుంది. అన్నమే వేళకు రాదు. ఇంటిపట్టున వున్నవారికి యీ బాధ తెలియదు. కంచం ముందు కూర్చుని, "యివాళ పులుసులో ఉప్పు తక్కువయింది" అని వంకలు పెట్టే భాగ్యం వారిది. చదువుకో, వుద్యోగానికో ఊరుకాని ఊళ్ళో వుంటున్నవారికి మాత్రం మధ్యాహ్నభోజనం రోజూ కొత్తగా వ్రాయవలసిన పరీక్ష.

మా మేనల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో రెండేళ్ళు చదివివచ్చి, యిప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. గది తార్నాకలో. ఆమధ్య నేను పనిమీద ఆవైపు వెడితే, "మామయ్యా! యీ చుట్టుపక్కల మంచి బరిటో యెక్కడ దొరుకుతుందో తెలుసా?" అని అడిగాడు.

"అదేమిటిరా, పక్షా?" అన్నాను.

పక్షి కాదుగాని, జంతువేనట! స్పానిష్ భాషలో ఆ మాటకు గాడిదపిల్ల అని అర్థం. కంగారుపడకండి, లోపల గాడిద వుండదు. అది ఉత్తర మెక్సికోవారి వంటకం. గోధుమపిండితో పల్చగా, పెద్దగా రొట్టె చేసి, దానిలో వుడికిన చిక్కుడు జాతి గింజలూ, మాంసమో కూరో వేసి, అంచులు లోపలికి మడిచి, చాప చుట్టినట్టు చుట్టేస్తారు. అమెరికా చేరిన తర్వాత, 1960 ప్రాంతాల శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, అన్నం కూడా చేరి మరింత బొద్దుగా తయారయింది. వెండిరేకులాంటి కాగితం చుట్టి చేతికిస్తారు. కంచం అక్కరలేదు, చెంచా అక్కరలేదు, కూర్చోనైనా అక్కరలేదు. భోజనమంతా గుప్పిట్లోనే!

"పన్నెండింటికి ఒకటి తింటే సాయంత్రం ఆరుదాకా ఆకలి మాట వుండదు, మామయ్యా!" అన్నాడు.

ఆ ముక్క నాకు నచ్చింది. "అయితే పద, వెతుకుదాం" అన్నాను.

ఆర్ట్స్ కాలేజీ దగ్గర బయలుదేరాం. 1939లో ప్రారంభమయిన ఆ గులాబిరంగు రాతి భవనం ముందు నిలబడితే, ఎంతవాడికైనా తన చదువు చాలలేదనిపిస్తుంది. మాకు మాత్రం ఆకలి వేస్తున్నదనిపించింది. అక్కడినుంచి చెట్లనీడన నడుచుకుంటూ తార్నాక కూడలికి చేరాం. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఒకప్పుడు అక్కడ తీగకంచె వేసిన చౌకీ వుండేదనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు కంచె లేదు. 2017 నుంచి నెత్తిమీద మెట్రోరైలు పరుగెడుతున్నది. కిందేమో ఇరానీ చాయ్, ఇడ్లీబండి, ఆంధ్రా మెస్సు, బిరియానీ, షవర్మా, మొమో - అన్ని దేశాలవారూ కొలువు తీరి వున్నారు. మెక్సికోవారు మాత్రం కనబడరు.

చివరకు ఒక అద్దాలతలుపుల దుకాణంలో "మెక్సికన్ రోల్" అని కనబడింది. మావాడి మొహం వికసించింది. రెండు తెప్పించాం. విప్పి చూస్తే చల్లని క్యాబేజీ తురుము, దానిమీద దోసెడు మయోనీజు, మధ్యలో నాలుగు బంగాళాదుంప ముక్కలు. పచ్చిగుడ్లతో చేసిన మయోనీజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఒక యేడాదిపాటు నిషేధించిన సంగతి పాఠకులకు జ్ఞాపకం వుండేవుంటుంది. ఇది గుడ్డు లేనిదేనని దుకాణంవాడు ప్రమాణం చేశాడు. చేస్తే చేశాడుగాని, రెండువందల చిల్లర పుచ్చుకుని, మా ఆకలిని ఉన్నచోటనే వుంచాడు.

బయటికి వచ్చి ఆలోచిస్తే, యీ వెతుకులాటలో ఒక విచిత్రం కనబడింది. బరిటోలోకి కావలసిన మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, రాజ్మాగింజ - యివన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు వచ్చిన తర్వాతనే మన దేశానికి మిరపకాయ తెలిసింది. అంతకు పూర్వం మన తాతముత్తాతల కారమంతా మిరియాలదే. మరి బరిటో చుట్టే రొట్టెలోని గోధుమ, లోపలి బియ్యం మెక్సికోవారివా? అవీ కావు. వాటిని అక్కడికి స్పెయిన్‌వారు పట్టుకుపోయారు. అంటే వాళ్ళ కారంతో మనం ఆవకాయ పెట్టుకున్నాం. మనం ఎరిగిన గోధుమతో వాళ్ళు గాడిదపిల్లను చేసుకున్నారు. నాలుగువందల యేళ్ళనాడే యిచ్చిపుచ్చుకోవడాలు పూర్తయిన యీ వియ్యంలో, మావాడు యిప్పుడు కొత్తగా పెళ్ళికూతుర్ని వెతుకుతున్నాడన్నమాట!

"అయితే పేరు వదిలెయ్, సరుకు చూద్దాం" అన్నాను.

సరుకు చూడటం మా తరానికి కొంత చేతనవును. బోర్డు చదవకూడదు, పెనం చూడాలి. పెనం మీద రొట్టె కాలుతూ వుండాలిగాని, గాజుబీరువాలో చల్లారుతూ వుండకూడదు. గిన్నెలోనుంచి ఆవిరి రావాలి. నూనె నల్లబడి వుండకూడదు. తినేవారిలో ఆటో నడిపేవారూ, ఆఫీసు గుమాస్తాలూ వుండాలి. రోజూ అక్కడే తినక తప్పనివారు మోసపోయేది ఒక్కరోజే. ఈ లెక్కన చూసుకుంటూ పోతే, ఒక సందుమొగలో రొట్టెలబండి తగిలింది. ఒక పెద్దావిడ జొన్నపిండిని అరచేత్తో తట్టి పెనంమీద వేస్తున్నది. పక్కన అలసందల కూర, పచ్చిమిరప పచ్చడి, ఉల్లిముక్కలు, ఉడికిన గుడ్లు.

"అక్కా! రొట్టెలో కూర పెట్టి చుట్టి యిస్తావా?" అన్నాడు మావాడు.

"జొన్నరొట్టె చుడితె ఇరుగుతది తమ్మీ. మడిచిస్త, తిను. మా ఊర్ల పొలం కాడ గిట్లనే తింటం. గిదేం కొత్తది?" అన్నది ఆమె.

వేడిరొట్టె మీద కూర పరచి, గుడ్డు చిదిపి, ఉల్లిముక్కలు చల్లి మడిచి యిచ్చింది. మావాడు మొదటి ముక్క కొరికి కాసేపు మాట్లాడలేదు. మాట్లాడనవసరం నాకూ కనబడలేదు. టెక్సాస్ గాడిదపిల్ల మోసే బరువంతా ఇదీ మోసింది, మయోనీజు తప్ప.

ఆ బండి పక్కనే టీకొట్టు. అక్కడ యిరవై రెండేళ్ళ కుర్రవాడొకడు, చంకలో వుద్యోగపరీక్షల పుస్తకం, చేతిలో చాయ్‌తో నిలబడి వున్నాడు. సాసరులో రెండు ఉస్మానియా బిస్కట్లు. ఫోను మోగింది. "ఆఁ... తిన్ననమ్మా... తిన్న. నువ్వు తిన్నవా?" అన్నాడు. ఫోను పెట్టేసి రెండో బిస్కట్టు చాయ్‌లో ముంచాడు. అబద్ధమాడాడనడానికి వీల్లేదు. తిన్నమాట నిజమే!

విశ్వవిద్యాలయానికీ ఆ బిస్కట్టుకీ కూడా నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరే వచ్చింది. ఒకదానిలో చదువుతూ రెండోదానితో మధ్యాహ్నం గడిపేవాళ్ళు ఎందరో! జిల్లాలనుంచి వచ్చి, లైబ్రరీలో చోటు పోతుందని భోజనానికి లేవనివారు కొందరు. లేస్తే డబ్బు పోతుందని లేవనివారు కొందరు. వీళ్ళెవరూ ఫోనులో ఆ సంగతి చెప్పరు. అక్కడ అమ్మ అన్నం ముందు కూర్చుని వుంటుందని వాళ్ళకు తెలుసు.

తమాషా యేమిటంటే, మన దేశానికంతటికీ యేం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ వున్నదీ అక్కడే, తార్నాకలోనే. విశ్వవిద్యాలయమూ అదీ ఒకే యేట, 1918లో పుట్టాయి. పాలిష్ పట్టిన బియ్యం తినేవారికి వచ్చే బెరిబెరి జబ్బు మీద విచారణగా కూనూరులో మొదలయిన ఆ సంస్థ 1958లో హైదరాబాదు చేరింది. 2024లో ఆ సంస్థ ఒక ఆహార సూత్రావళి వెలువరించింది. రోజుకు కావలసిన శక్తిలో ధాన్యాలనుంచి వచ్చేది నూటికి 45 వంతులు మించకూడదనీ, పప్పులు, గింజలు, మాంసంనుంచి 15 వంతులవరకు రావాలనీ, మిగిలినది పాలు, పళ్ళు, కూరలు, నూనెగింజలు పూరించాలనీ అందులో చెప్పారు. మన కంచాల్లో ధాన్యమొక్కటే 50నుంచి 70 వంతులు ఆక్రమిస్తున్నదట. మెస్సులో కొండలా అన్నం, దానిమీద నీళ్ళలాంటి పప్పుచారు చూస్తే ఆ లెక్క యెవరికైనా అర్థమవుతుంది. మడతరొట్టె ఆ పరీక్షలో మంచి మార్కులతో పాసవుతుంది. చాయ్-బిస్కట్టు తప్పుతుంది.

డబ్బుకు యిబ్బందిగా వుండే పిల్లలకు ఒక మాట. 2014 నుంచి ఈ నగరంలో అయిదు రూపాయలకే అన్నం, పప్పో సాంబారో, కూర, పచ్చడి పెట్టే కేంద్రాలున్నాయి. 2025లో వాటి పేరు ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారింది. వుదయం ఫలహారం కూడా చేరింది. ఆ వరుసలో నిలబడటం నామోషీ కాదు. ఖాళీకడుపుతో చరిత్ర తేదీలు వల్లెవేయడమే నష్టం.

గదిలో పొయ్యి వున్నవారు యింకా సులువుగా గట్టెక్కవచ్చు. రాత్రి గుప్పెడు రాజ్మాగాని, అలసందలుగాని నానబెట్టి, తెల్లవారి ఉల్లి, టమాటా, ఉప్పు, కారంతో బాగా మెత్తగా వుడికించండి. తడి యిగిరిపోవాలి, లేకపోతే పుస్తకాలసంచీ కూడా భోంచేస్తుంది. పెద్ద చపాతీలు రెండు కాల్చి, మధ్యలో కూర, ఒక గుడ్డో కాస్త పనీరో వేసి, అంచులు లోపలికి మడిచి చుట్టండి. వేడి చల్లారాక డబ్బాలో పెట్టుకుని, మధ్యాహ్నానికల్లా తినెయ్యండి. తోడుగా ఒక జామకాయ. దానిని బరిటో అన్నా, గాడిదపిల్ల అన్నా అది యేమీ అనుకోదు.

ఇక తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. రేపు మధ్యాహ్నం పిల్లలకు ఫోను చేసినప్పుడు "తిన్నావా?" అని అడక్కండి. ఆ ప్రశ్నకు బిస్కట్టు కూడా జవాబు చెప్పగలదు. "ఏం తిన్నావు?" అని అడగండి. అవతల ఒక్క క్షణం మాట రాకపోతే కోప్పడకండి. నెలమధ్యలోనే నాలుగు డబ్బులు పంపి, "ముందు భోంచేసి రా, తర్వాత మాట్లాడుదాం" అనండి.