మిగులు కరెంటులో స్త్రీల వాటా

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వెళ్తే, అడవి అంచు ఊళ్లలో కట్టెలమోపులతో నడిచి వచ్చే ఆదివాసీ స్త్రీలు కనిపిస్తారు. ఆ మోపును మనం వంటచెరకు అంటాం. కానీ అందులో కొంత వంటకు కాదు, నీళ్లు కాచడానికి పోతుంది. బాలింతకు, పసిబిడ్డకు, చలికాలంలో ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్లు పెట్టే చాకిరీ ఎక్కడా లెక్కకు రాదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. అయితే డబ్బు పోసి తెచ్చుకున్న సిలిండరును స్నానాల నీళ్లకు ఖర్చు చేయడానికి పేదింటి స్త్రీకి మనసొప్పదు. అందుకే మూడురాళ్ల పొయ్యి ఇంకా ఆరలేదు.

ఇప్పుడు గూడేలకు సౌర విద్యుత్తు వస్తోంది. 2023 నవంబరులో మొదలైన పి.ఎం. జన్‌మన్ పథకంలో, కొండరెడ్ల వంటి ఆదిమ తెగలకు చెందిన, కరెంటు లైను చేరని ఇళ్లకు 300 వాట్ల సౌర ఏర్పాటు ఉంది. కోయలు ఆ జాబితాలో లేరు. బాగా ఎండ కాసిన రోజు 300 వాట్ల ఫలకం ఒక యూనిట్‌కు పైగా కరెంటు ఇస్తుంది. నాలుగు ఎల్.ఇ.డి. దీపాలకూ, ఒక చిన్న డి.సి. ఫ్యానుకూ అర యూనిట్ సరిపోతుంది. బ్యాటరీ నిండగానే కంట్రోలర్ కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. ఆపైన కాసిన ఎండంతా వృథాయే.

20 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు వేడిచేయడానికి పట్టేది కూడా దాదాపు అర యూనిట్టే! అదే పనికి మూడురాళ్ల పొయ్యిలో సుమారు కిలో కట్టెలు కాలతాయి. ఏడాదికి 200 రోజులు ఎండ కాసిందనుకున్నా, 200 కిలోల బరువు ఆమె నెత్తి మీద నుంచి దిగుతుంది.

పరికరం పెద్ద విద్యేమీ కాదు. ఒక స్టీలు డ్రమ్ము, దాని చుట్టూ మరో పెద్ద డ్రమ్ము, రెంటి మధ్యా దట్టంగా వరి ఊక. లోపల ఫలకం వోల్టేజికి తగిన డి.సి. హీటింగ్ ఎలిమెంట్. బ్యాటరీ నిండాకే కరెంటును అటు మళ్లించే కంట్రోలర్. మధ్యాహ్నం కాగిన నీళ్లు పొలం నుంచి వచ్చేసరికి వెచ్చగానే ఉంటాయి. కానీ బజారులో దొరికే రాడ్డుతో, మామూలు స్విచ్చితో ప్రయోగాలు చేయకూడదు. డి.సి.కి తగిన స్విచ్చి, థర్మోస్టాటు, ఎర్తు, ఆవిరి పోయే దారి తప్పనిసరి. నీళ్లు లేకుండా ఎలిమెంటు పనిచేయకూడదు. పని తెలిసినవారే బిగించాలి.

ముసురు రోజుల్లో ఈ డ్రమ్ము అక్కరకు రాదు, కట్టెలు కావలసిందే. కనుక చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కును దీని పేరు చెప్పి ఎవరూ కుదించకూడదు.

అసలు ప్రశ్న మిగులు ఎవరిదన్నది. అందరూ తిన్నాక మిగిలిందే ఆడవాళ్ల వాటా అనే ఇళ్లలో, మిగులు కరెంటు మాత్రం వారి దాకా వస్తుందా? అది సెల్‌ఫోన్లకూ, టీవీకీ పోయాక నీళ్ల డ్రమ్ముకు ఏం మిగులుతుంది? అటవీ హక్కుల చట్టం వివాహితుల విషయంలో పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంది. సౌర పరికరాలకూ అదే నియమం ఉండాలి. ఇంటికి ఎంత కరెంటు కావాలో లెక్కవేసేటప్పుడే వేణ్ణీళ్లను కూడా కలపాలి. మరమ్మతుల శిక్షణ గూడెంలోని యువతులకు ఇవ్వాలి.

గ్రామసభలో ఫలకాల మాట వచ్చినప్పుడు మన కార్యకర్తలు మొదట అడగవలసింది ఇదే: ఈ ఇంట్లో నీళ్లు ఎవరు కాస్తున్నారు?