పేరు పక్షులది, హోరు మైకులది

సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగకు తీసుకెళ్లకపోతే పిల్లలకు ప్రకృతి ఎలా తెలుస్తుందని మొన్న ఒక బంధువు నన్ను నిలదీశాడు. ఇప్పుడు చాలామందిది ఇదే మాట. ఇంటిల్లిపాదీ వెళ్లి ఒక రోజంతా తిరిగొస్తే పక్షుల మీద ప్రేమ దానంతటదే పుడుతుందట. నేను ఒప్పుకోను. 2001లో మొదలై, కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగిన ఈ పండుగలో పిల్లలు ఎక్కువగా చూసేది వేదిక, వినేది సినిమా పాట. పాటలూ ఆటలూ కావాలంటే వేరే పేరుతో ఎన్నయినా పెట్టుకోండి. పక్షుల పేరు మాత్రం వాడొద్దు.

జనవరిలో, పండుగ జనం వెళ్లే నేలపట్టు చెరువులో ఏం జరుగుతుందో ఈ పెద్దలకు తెలియదా? కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. కొన్ని పొదుగుతుంటాయి, కొన్ని పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లి చేపలు మింగి తెచ్చి పిల్లలకు పెడుతుంటాయి. బెదిరిన తల్లి గూడు వదిలి లేచిందంటే కాకులకూ గద్దలకూ గుడ్లు దొరికినట్టే. సరిగ్గా ఆ రోజుల్లోనే బస్సుల మీద బస్సులు జనాన్ని దింపుతాయి. ఈలలు, కేకలు, సెల్ఫీలు! గుడ్ల మీద కూర్చున్న తల్లి ముందు ఇంత అల్లరి చేయించి, దానికి అవగాహన అని పేరు పెడతారా? పక్షులుండేది అప్పుడే కదా అంటారు. ఉన్నప్పుడే చూడండి, కాదన్నదెవరు? పదిమంది చొప్పున వెళ్లి, గొంతు తగ్గించి చూడండి.

నాలుగు డబ్బులొస్తాయన్నది ఇంకో వాదన. తిరునాళ్లకూ వస్తాయి.

నాకు మరీ ఒళ్లు మండేది ‘సైబీరియా పక్షులు’ అన్న మాటకు. కనిపించిన ప్రతి కొంగనూ సైబీరియా నుంచి దింపేస్తారు. గూడబాతు మన దక్షిణాదిలోనే పుట్టి పెరిగే పక్షి. ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పక్షి పుట్టిల్లే తప్పు చెప్పే చోట పిల్లలు ఇంకేం నేర్చుకుంటారు?

అసలు సంగతి పక్కకు పోతోంది. పులికాట్ బతకాలంటే సముద్రపు నీరు లోపలికి రావాలి. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే నీరు రాదు, చేప రాదు, ఎండాకాలం సరస్సు పర్రగా మారుతుంది. రాయదొరువు ముఖద్వారం దగ్గర పూడిక తీయండని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. చేప లేకపోతే గూడబాతు పిల్లలకేం పెడుతుంది? ముందు ఆ ఇసుక తీయించండి, వేదికల సంగతి తర్వాత చూద్దాం.

మరి పిల్లల మాటేమిటంటారా? బడులు ఏడాది పొడవునా చిన్న చిన్న జట్లుగా పంపాలి, చెరువు గట్టున పెరిగిన కుర్రాళ్లే వాళ్లకు దారి చూపాలి. ఎలాగన్నది బడులూ అటవీశాఖా కూర్చుని తేల్చుకోవాలి. తల్లిదండ్రులను మాత్రం ఒక్కటి అడుగుతున్నాను: ఆ పండుగ రోజులు వదిలేసి ఇంకో ఆదివారం తెల్లవారుజామున నేలపట్టు వెళ్లండి, అక్కడి పరిశీలన గోపురం ఎక్కండి, కిందికి దిగేదాకా ఫోన్లు బయటికి తీయకండి.