కాగితం మీద కొడుకైన బేటీ

స్వీడన్‌లో యోహాన్సన్ అంటే మన దగ్గర షేక్ లాంటి పేరు. ఎక్కడ చూసినా వాళ్లే. దాని మతలబ్ సీదాగానే ఉంటుంది: యోహాన్ కొడుకు. ఈ యోహాన్ ఎవరో కాదు, మన యహ్యా అలైహిస్సలాం పేరే. హీబ్రూ నుంచి గ్రీకు, లాటిన్ దాటి ఉత్తరానికి పోయేసరికి అట్లా మారింది. అంటే యోహాన్సన్ అంటే ఇబ్నె యహ్యా అన్నమాట.

అసలు పల్లెల్లో ఇది ఖాందానీ పేరే కాదు. యోహాన్ కొడుకు ఆండెర్స్ అయితే ఆండెర్స్ యోహాన్సన్. ఆండెర్స్ కొడుకు లార్స్ మాత్రం లార్స్ ఆండెర్సన్. పుష్త్ మారితే పేరూ మారేది. కూతురైతే యోహాన్స్‌దొత్తర్. ఈ 'దొత్తర్', మన ఉర్దూలోకి ఫార్సీ నుంచి వచ్చిన 'దుఖ్తర్' ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. షాదీ అయినా పల్లెటూరి ఆడమనిషి చనిపోయేదాకా బాప్ పేరుతోనే ఉండేది.

19వ సదీలో పట్నాల రివాజు చూసి జనం ఒకే పేరును తరతరాలకూ ఖాయం చేసుకోసాగారు. 1901లో సర్కారు ఫర్మానా దానికి ముద్ర వేసింది. ఇన్ని లక్షల యోహాన్సన్‌లు ఒకే దాదా మనవలు కారు. యోహాన్ అనే పేరు ఆ రోజుల్లో ఎక్కువ, అంతే. అమెరికా వెళ్లినవాళ్లు చాలామంది జాన్సన్‌లు అయ్యారు.

ఈ లెక్కలో నష్టపోయింది బేటీ. ఆన్నా యోహాన్స్‌దొత్తర్ కావలసిన పిల్ల ఆన్నా యోహాన్సన్ అయింది. ఆడపిల్ల కాగితం మీద కొడుకైంది, అదీ ఎప్పుడో పోయిన ముత్తాతకు! 1920 వివాహ చట్టం వచ్చాక భార్యకు షౌహర్ ఇంటిపేరే ఖాయమైంది. ఆ జబర్దస్తీ 1963 చట్టంతో సడలింది, 1982 చట్టంతో పూర్తిగా పోయింది. దొత్తర్ పేర్లకు మళ్లీ దారి తెరిచిందీ ఆ చట్టమే. తల్లి పేరు మీద కూడా పెట్టుకోవచ్చంది.

అక్కడ కానూన్ జబర్దస్తీ చేసింది. మనకేం వచ్చింది? షేక్ ఇంట్లో పుట్టిన పిల్ల పఠాన్ల కోడలైతే చాలు, ఆధార్‌లో పఠాన్ అయిపోతుంది. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఇక పాస్‌పోర్టుకు అఫిడవిట్లు, నోటరీలు, చక్కర్లు. షాదీ అయితే పేరు మార్చాలని మన కానూన్ అనదు, షరీఅత్ అసలే అనదు. ఆయిషా రజియల్లాహు అన్హా చివరిదాకా ఆయిషా బింతె అబూబక్రే. మార్చేది మనమే, "అందరూ మారుస్తున్నారు కదా" అని.

బీరువాలో ఉన్న నికాహ్‌నామా ఒకసారి తీసి చూడండి. కాజీ సాబ్ అందులో దుల్హన్ పేరు పక్కన ఎవరి పేరు రాశారో!