తుఫాను వానతో కరువు తీరదు

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, పత్రికల కోస్తా పేజీలు ఒక రకంగా, సీమ పేజీలు ఇంకో రకంగా మాట్లాడతాయి. తీరంలో అది ముప్పు. అనంతపురం, కడప పేజీల్లో అదే వాయుగుండం 'ఊరట', 'జలకళ', 'కరువు నేలకు వరం'. రెండు రోజుల ముసురు తర్వాత అధికారుల లెక్క వస్తుంది: జిల్లాలో వర్షపాతం లోటు భర్తీ అయిందని. నాయకులు ఆ లెక్కే చదువుతారు, మనమూ నమ్ముతాం. నిండిన చెరువును చూసి సంతోషపడనివాళ్లు సీమలో ఉండరు, నేనూ పడతాను. కానీ తుఫాను వచ్చి కరువు తీర్చిందన్న మాట మాత్రం తప్పు. పోనీ అమాయకంగా అన్న మాటా అంటే, కాదు. అది చెల్లుబాటైనంత కాలం ఆగస్టులో ఎండిపోయిన పంటకు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులో నైరుతి వాటా 340 లోపే, ఈశాన్యం వాటా 155 అటూఇటూ. జిల్లా పడమటి కనుమల చాటున ఉంది, నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి చాలావరకు ఖాళీ అయి ఉంటుంది. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్యమూ అంతంతే. ఈ కొద్దిపాటి నీటిని నమ్ముకునే లక్షల ఎకరాల్లో వేరుశనగ వేస్తారు. జూన్, జూలైల్లో పదును దొరికితే విత్తనం పడుతుంది. నెల దాటగానే పూత, తర్వాత ఊడలు దిగడం, కాయ ఊరడం. ఇవన్నీ మఖ, పుబ్బ, ఉత్తర కార్తెల్లో, అంటే ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు ఆఖరు లోపు జరిగిపోవాలి. మఖ, పుబ్బలు వరపైతే మహా క్షామమని పెద్దలు ఊరికే అనలేదు. నేల బిగుసుకుపోతే ఊడ లోపలికి దిగదు, దిగని ఊడకు కాయ పట్టదు. నవంబరులో ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసినా ఆ ఊడ మళ్లీ దిగదు.

ఆగస్టులో మాత్రం అల్పపీడనాలు పుట్టవా అంటారేమో. పుడతాయి. ఎక్కువభాగం బంగాళాఖాతం ఉత్తరాన పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా సాగిపోతాయి. దక్షిణాంధ్ర వైపు తిరిగే తుఫాన్ల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పైరు నీళ్లకు అల్లాడేటప్పుడు అవి ఒడిశా దారి పడతాయి. పైరు పీకి చేలో ఆరబెట్టుకున్నాక మన దారి పడతాయి. ఇది ఏదో ఒక ఏడాది దురదృష్టం కాదు, రుతువుల అమరికే అంత. తుఫాను మీద ఆశ పెట్టుకోమనేవాళ్లు ముందు ఈ క్యాలెండరు చూడాలి.

పీకిన శెనక్కాయ చెట్లు కాయ పైకి వచ్చేలా తిరగేసి చేలోనే వరసలుగా వేస్తారు. కొన్నాళ్లు మంచి ఎండ కాయాలి. సరిగ్గా అప్పుడు ముసురు పట్టుకుంటే కాయ నల్లబడుతుంది, బూజు పడుతుంది, కొన్ని అక్కడే మొలకెత్తుతాయి. కొనడానికి వచ్చిన వ్యాపారి నాలుగు కాయలు ఒలిచి, గింజ వాసన చూసి, ధర కోసేస్తాడు. కాయ సంగతి అలా ఉంచండి, కట్టె కూడా దక్కదు. ఎద్దులకూ పాడి పశువులకూ వేసవి దాకా అదే మేత. కుళ్లిన కట్టెకు పశువు మూతి పెట్టదు. ఆగస్టు వరపుకు దిగుబడి పోయింది, నవంబరు ముసురుకు మిగిలిన నాలుగు గింజలూ మేతా పోయాయి. జిల్లా లెక్కలో మాత్రం ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ మైనస్, ఇక్కడ ప్లస్, వెరసి 'సాధారణం'. రైతు ఇంట్లో రెండూ మైనస్సే.

సగటుకు 19 శాతం అటూఇటూ కురిస్తే వాతావరణ శాఖ దాన్ని సాధారణ వర్షపాతమే అంటుంది. వాళ్ల పనికి ఆ కొలత సరిపోతుంది, తప్పు పట్టను. నెలల తరబడి మొత్తానికి వేసిన ఆ ముద్రను తెచ్చి పంట నెత్తిన కొట్టేవాళ్లతోనే నా పేచీ. వాన బ్యాంకు ఖాతా కాదు, జూలైలో తీసుకున్న అప్పును నవంబరులో కట్టేయడానికి.

2009 సంగతి గుర్తుచేసుకుందాం. ఆ ఏడు దేశం మొత్తానికి నైరుతి 22 శాతం లోటు. 1972 తర్వాత అంత పొడి వర్షాకాలం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు మండలాలు ప్రకటించారు. ఆ తర్వాత అల్పపీడనం వచ్చింది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది, శ్రీశైలానికి డ్యాం కట్టినప్పుడు లెక్కవేసుకున్న దానికంటే ఎక్కువ వరద వచ్చిపడింది. అది 'లోటు' తీర్చిన వానేనని కాగితం మీద నిరూపించవచ్చు. కర్నూలు వీధుల్లో నిలబడి ఆ మాట అనగలిగిన వాళ్లెవరు?

2023 ఇంకా దగ్గరిది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశానికి అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 103 మండలాలను కరువు జాబితాలో చేర్చారు. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో నానాయి. ఆ వాన కళ్యాణదుర్గం రైతుకు పోయిన ఖరీఫ్‌ను తెచ్చి ఇచ్చిందా?

చెరువులు నిండుతాయి, బోర్లు ఊరుతాయి, నల్లరేగడిలో పప్పుశనగ వేసుకోవచ్చు అంటారు. నిజమే, చిత్త, స్వాతి కార్తెల్లో ఒక మోస్తరు వాన పడితే పప్పుశనగకు మేలే. మోస్తరు వాన అన్నాను, తుఫాను అనలేదు. చెరువుల మాటకొస్తే, వంద మిల్లీమీటర్లు కురిస్తే ఎకరా మీద నాలుగు లక్షల లీటర్ల నీరు పడినట్టు. అనంతపురం ఎర్రనేల చాలాచోట్ల లోతు లేనిది, కింద గరుసు. ఒక్క రోజులో పడిన అంత నీటిని అది తాగలేదు, పైమట్టిని కూడా వెంటేసుకుని వంకలోకి తోసేస్తుంది. ఆ నీరు చెరువుకు చేరాలంటే వంకలో ఆక్రమణలు ఉండకూడదు, చెరువులో పూడిక ఉండకూడదు, కట్ట గట్టిగా ఉండాలి, మరవ బాగుండాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తగలకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. నీటికి మించిన నేల ఒక దోషం, నేలకు మించిన నీరు ఇంకో దోషం. వాన చాలినంత మాత్రాన చాలదని ఆరున్నర శతాబ్దాల కిందటే తెలుసు.

కరువు సీమగా పేరుపడ్డ అనంతపురంలో జనం చెప్పుకునే త్యాగం కథ కరువుది కాదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ప్రాణమిచ్చిన ముసలమ్మది. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' రాసింది ఆ కథ మీదే. సీమలో ఒక్కసారిగా మీద పడే నీరంటే ఏమిటో ఆ ఊళ్లకు మనకంటే ముందే తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది మనమే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. కింద పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. మనుషులు పోయారు, పొలాల్లో ఇసుక మేట వేసింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. నీళ్లు దాచుకోవడానికి కట్టుకున్నదే ఊళ్లను ముంచింది, ఆ ఆయకట్టుకు మిగలాల్సిన నీరు సముద్రం పాలైంది. దీన్ని జలకళ అనాలా?

ప్రభుత్వాలకు ఇది తెలియక కాదు. 2016 ఆగస్టులో అనంతపురం వేరుశనగను కాపాడతామని రెయిన్‌గన్లు, ట్యాంకర్లు తిప్పారు. ఆ హడావుడి ఎంత పంటను నిలబెట్టిందన్నది వేరే చర్చ. పైరుకు నీళ్లు ఎప్పుడు కావాలో వాళ్లకు నెలతో సహా తెలుసని మాత్రం అది రుజువు చేసింది. అదే ఏడాది వచ్చిన కేంద్ర కరువు మాన్యువల్ కూడా వానకూ వానకూ మధ్య ఎన్ని వారాలు ఎండిందన్నది కరువుకు ఒక సూచిక అని ఒప్పుకుంది. కొలత చేతిలో ఉంది. తుఫాను వెలిసిన మర్నాడు దాన్ని పక్కన పెట్టి ఏడాది మొత్తాన్ని చదవడం మానేయాలి.

పత్రికల వాళ్లకూ ఒక విన్నపం. ఈ నవంబరులోనో వచ్చే నవంబరులోనో వాయుగుండం వస్తుంది, జిల్లా లోటు తీరిందని మీకు ప్రకటన అందుతుంది. అచ్చు వేయండి, కాదనను. దాని పక్కనే మఖ, పుబ్బ కార్తెల్లో మండలాల వారీగా పడిన వాన కూడా వేయండి. శీర్షిక ఆ తర్వాత పెట్టండి.