తలుపు తీసినవాళ్ల పేర్లు

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఎటు చూసినా విదేశీ చదువుల కన్సల్టెన్సీలే. ఆ బోర్డుల మీద అమెరికా, బ్రిటన్, జర్మనీల పక్కన ఇప్పుడు పోలండ్ కూడా చేరింది. అప్పుచేసి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఫీజు ఎంత, చిన్నదో పెద్దదో పని దొరుకుతుందా అని అడుగుతారు. అడగాల్సినవే. వెళ్లే పిల్లలకు మాత్రం ఆ నేల గురించి మరికొంత తెలిస్తే బాగుండునని నా కోరిక.

2022లో రష్యా యుక్రెయిన్ మీద దాడికి దిగినప్పుడు అక్కడ మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు కొందరు గడ్డకట్టే చలిలో సరిహద్దు దాటి పోలండ్‌లోని జెషూఫ్ చేరారు. వీసా లేకపోయినా ఆ దేశం రానిచ్చింది. వాళ్లను స్వదేశానికి తెచ్చిన ఆపరేషన్ గంగా విమానాలు కొన్ని అక్కడి నుంచే లేచాయి. ఆ ఊరికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో మార్కోవా అనే పల్లె ఉంది. అక్కడ యూజెఫ్ ఉల్మా అనే రైతు ఉండేవాడు. పండ్ల మొక్కలు పెంచేవాడు, ఊళ్లో వాళ్లందరికీ ఫొటోలు తీసేవాడు, ఇంట్లో దీపం కోసం సొంతంగా గాలిమర కట్టుకున్నాడు. భార్య విక్తోరియా. ఆరుగురు పిల్లలు, ఏడో బిడ్డ కడుపులో. నాజీల ఆక్రమణలో ఆ దంపతులు ఎనిమిది మంది యూదులను తమ ఇంట్లో దాచారు.

దాచితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 1941 అక్టోబరు 15న ఆక్రమిత ప్రాంతపు గవర్నర్ జనరల్ హాన్స్ ఫ్రాంక్ ఉత్తర్వు ఇచ్చాడు. యూదులను బంధించి ఉంచిన పేట, అంటే ఘెట్టో, దాటి బయటికొచ్చిన యూదుడికి మరణశిక్ష, తెలిసి చోటిచ్చినవారికీ అదే శిక్ష. అయినా తలుపు తీశారు. ఎవరో ఉప్పందించారు. 1944 మార్చి 24 తెల్లవారుజామున జర్మన్ పోలీసులు వచ్చి ముందు యూదులను, తర్వాత యూజెఫ్‌నూ విక్తోరియానూ, చివరికి పిల్లలనూ కాల్చేశారు. పెద్దపిల్లకు ఎనిమిదేళ్లు లేవు. చిన్నదానికి రెండేళ్లు లేవు. ఇంత చూశాక కూడా ఆ ఊళ్లో మరికొన్ని ఇళ్లవాళ్లు తాము దాచినవారిని బయటికి నెట్టలేదు. యుద్ధం ముగిసేదాకా కాపాడారు. నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ సంగతే.

ప్రాణభయం తలుపుల్ని ఎలా మూయిస్తుందో అమీర్‌పేట కళ్లారా చూసింది. 2020 మార్చి 25, ఉగాది రోజు. కరోనా లాక్‌డౌన్ మొదలైంది. హాస్టళ్ల యజమానులు ఖాళీ చేయమన్నారు. కోచింగ్ కోసం వచ్చిన పిల్లలు బ్యాగులు పట్టుకుని పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. ఆ కాగితాలతో బయల్దేరినవాళ్లు ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఎవరినీ ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అక్కడ తుపాకీ లేదు, ఉరికంబం లేదు, కంటికి కనిపించని జబ్బు ఒక్కటే. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచడం లేదు. ఆ మాత్రం భయానికే మనం అలా అయిపోతే, మార్కోవాలో తలుపు తీసిన చేతుల బలం ఎంతటిదో అర్థమవుతుందని చెబుతున్నాను.

మళ్లీ పోలండ్‌కు వస్తే, వార్సాలో ఇరేనా సెండ్లర్ అనే మహిళ నగరపాలక సంస్థ సంక్షేమ శాఖలో పనిచేసేది. టైఫస్ నివారణ పని పేరుతో ఘెట్టోలోకి వెళ్లే పాసు సంపాదించింది. తనూ తన తోటివాళ్లూ కలిసి దాదాపు 2,500 మంది పిల్లల్ని కాపాడారని లెక్క. పిల్లలకు కొత్త పేర్లు పెట్టి క్రైస్తవ కుటుంబాలకో, మఠాలకో అప్పగించేవారు. ఆమె ప్రతి బిడ్డ అసలు పేరూ కొత్త పేరూ సన్నని కాగితం మీద రాసి, సీసాల్లో పెట్టి, సహోద్యోగి పెరట్లో పాతించింది. యుద్ధం తర్వాత కన్నవాళ్లకు బిడ్డను చేర్చాలంటే ఆ పేరే ఆధారం. 1943 అక్టోబరులో నాజీ రహస్య పోలీసులైన గెస్టపో పట్టుకుని చిత్రహింసలు పెట్టినా ఆ చీటీల సంగతి చెప్పలేదు. కన్నవాళ్లలో చాలామంది ట్రెబ్లింకా మరణ శిబిరంలో చనిపోయారు.

పోలండ్ అంతా ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. 1941 జులైలో యెద్వాబ్నే అనే చిన్న పట్టణంలో పోలిష్ పొరుగువాళ్లే యూదులను కొట్టంలో పెట్టి తగలబెట్టారు. దాగినవాళ్లను బెదిరించి డబ్బు గుంజినవారూ ఉన్నారు. యుద్ధానికి ముందున్న 33 లక్షల మంది యూదులలో దాదాపు 30 లక్షల మంది హతమయ్యారు. కాపాడినవాళ్ల కథను చంపినవాళ్ల మీద దుప్పటిలా కప్పడానికి అక్కడి రాజకీయ నాయకులు కొందరు ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఉల్మా దంపతులకు ఇంతకంటే అన్యాయం లేదు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది చేయని పని చేశారు కాబట్టే వాళ్లు గొప్పవాళ్లు.

ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెం సంస్థ యూదులను కాపాడిన ఇతర మతస్థులను గుర్తించి గౌరవిస్తుంది. ఆ జాబితాలో పోలండ్ వాళ్లు 7,000 మందికి పైగా ఉన్నారు. మరే దేశం నుంచీ అంతమంది లేరు. ప్రతిఫలం ఆశించకుండా, ముప్పుకు తెగించి చేశారని సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ముఖ్యంగా కాపాడబడినవారి వైపు నుంచి రావాలి.

మరి మన దగ్గర? 1948లో హైదరాబాద్ సంస్థానంలో నిజాం పక్షపు రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిని నెత్తుటి మడుగు చేశారు. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా భారత సైన్యం పోలీసు యాక్షన్. ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల ఊచకోత. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో తిరిగింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. అందులోనే, ప్రాణాలొడ్డి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువుల ప్రస్తావన ఉంది. కొన్ని చోట్ల హిందూ నేతపనివాళ్లు తోటి ముస్లిం నేతపనివాళ్లకు అడ్డునిలిచి, తామూ ప్రాణాలు పోగొట్టుకున్నారని రాశారు. ఒకే పనిచేసేవాళ్ల మధ్య ఉన్న ఆత్మీయతను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. అంతే. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. రజాకార్లను కలంతో ఎదిరించి ఆగస్టులో కాచిగూడలో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ పత్రికా సంపాదకుడు కాబట్టి పేరు నిలిచింది. మగ్గం ముందు నిలబడి చనిపోయినవాడి పేరు ఎవరు రాశారు?

ఏటా సెప్టెంబరు 17 రాగానే విలీనమా, విమోచనమా, సమైక్యతా అని పార్టీలు కొట్లాడుకుంటాయి. ఆ సభల్లో ఒక్కదానిలోనైనా ఈ నేతపనివాళ్లను తలుచుకోవడం నేను వినలేదు. హంతకుల మతం చెప్పుకుంటే ఓట్లు రాలతాయి. కాపాడినవాడి మతం చెప్పుకుంటే ఎవరికీ లాభం లేదు.

నాటి పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఈ ఏడాదే మనుషుల్ని పంపాలి. తెలంగాణలోనే కాదు, ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్న పాత జిల్లాలకూ పంపాలి. ఊరు, ఇల్లు, ఎన్నాళ్లు దాచారు, అన్నం ఎవరు పెట్టారు, ఎవరు చూశారు అని రాసుకోవాలి. ఈ ప్రశ్నలు ముందుగా అడగాల్సింది దాచినవాళ్ల ఇంట్లో కాదు. రజాకార్ల నుంచి తమ తాతను కాపాడిన ముస్లిం ఎవరో హిందువుల ఇళ్లలో అడగాలి. పోలీసు యాక్షన్ తర్వాత తమ నానమ్మను గాదెలోనో గొడ్లపాకలోనో దాచిన హిందువు ఎవరో ముస్లింల ఇళ్లలో అడగాలి.