మన బండికి అలాయ్ చక్రాలు ఎవరి కోసం?

కొంచెం పెద్దదిగానే రాస్తున్నాము, ఓపిక పట్టి చదవండి.

గత ఆదివారం కార్యవర్గం మన ఫోర్ వీల్ బొలెరోకు నాలుగు అలాయ్ చక్రాలు వేయించాలని తీర్మానం చేసింది. ఉన్న స్టీలు రిమ్ములు తుప్పు పట్టాయి, రెండు సొట్టపోయాయి. మార్చాల్సిందే, అందులో తగాదా లేదు. వాటి తావులో ఏమి రావాలన్నదే తగాదా. మేము అంటే నెలకు రెండుసార్లు ఆ బండిలో హోసూరు నుంచి డెంకణికోట మీదుగా అంచెట్టి అవతలి కొండపల్లెలకు తెలుగు వాచకాలు, మందుల పెట్టెలు వేసుకుని పోయే ఐదుగురం. కార్యవర్గంలో పదకొండు మంది ఉన్నారు. ఆ దోవ చూసినవాళ్ళు ఇద్దరే. ఆ రోజు ఆ ఇద్దరూ రాలేదు.

మినిట్స్ పుస్తకంలో మూడు కారణాలు రాశారు. బరువు తక్కువ, బ్రేకు వేడి త్వరగా పోతుంది, సంఘం గౌరవానికి తగినట్టు ఉంటుంది.

బరువు సంగతి. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు బరువు, నిజమే. కానీ అంతే బలం రావాలంటే దాన్ని మందంగా పోయాలి. చివరికి చక్రానికి ఒకటి రెండు కిలోలు మిగులుతాయి, చవక రకాల్లో అదీ మిగలదు. తారురోడ్డు మీద వేగంగా పోయే కారుకు ఆ రెండు కిలోలూ లెక్కే. మన బండి రాళ్ళ మీద సెకండ్ గేరులో పాకుతుంది, వెనక నాలుగు పెట్టెల పుస్తకాలు. బ్రేకు వేడి కూడా అంతే. అల్యూమినియం వేడిని త్వరగా వదులుతుంది, ఒప్పుకుంటాము. కానీ దిగుడులో గేరు తగ్గించని డ్రైవరుకు బంగారు చక్రం వేసినా బ్రేకు కాలుతుంది.

అసలు అడగాల్సిన ప్రశ్న మినిట్స్‌లో లేదు. రాయి తగిలితే ఏమవుతుంది?

పోయిన వానకాలంలో రెండు రకాలూ చూశాము. మొదట మన బొలెరో. వాగు దాటేటప్పుడు ముందు చక్రం రాతికి కొట్టుకుని రిమ్ము అంచు లోపలికి వంగింది, గాలి పోయింది. మా డ్రైవరన్న చక్రం విప్పి, కింద ఒక రాయి పెట్టి, సుత్తితో అంచును బయటికి కొట్టాడు. లోపల ట్యూబు వేసి గాలి కొట్టాడు. గంటలోపు కదిలాము, ఆ రాత్రి ఇంట్లోనే అన్నం తిన్నాము.

తరువాతి నెల మన బండి షెడ్డులో ఉండి, ఒక సభ్యుడి బండిలో పోయాము. మెరిసే అలాయ్ చక్రాలు. దాదాపు అలాంటి రాయే. ఈసారి వంగలేదు, వేలెడంత చీలింది. గాలి నిలవదు, సుత్తికి లొంగదు, కొడితే ఇంకా చీలుతుంది. స్టెప్నీ ఉంది కదా అనుకున్నాము. స్టెప్నీ స్టీలు చక్రం, నట్లేమో అలాయ్ కోసం మార్చినవి. ఆ నట్లు స్టీలు రిమ్ము రంధ్రంలో సరిగ్గా కూర్చోలేదు, బిగించినా చక్రం ఆడింది. సాయంత్రం ఆరున్నర. ఆ అడవిలో ఏనుగులు దోవ దాటే వేళ. బండిలో మాతో పాటు ఇద్దరు టీచరమ్మలు, ముగ్గురు బడిపిల్లలు. ట్రాక్టరు దొరికి బయటపడేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆ పిల్లల తల్లులకు ఏం జవాబు చెప్పామో మాకే తెలుసు.

చీలికను వెల్డింగ్ చేయించవచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. అలాయ్‌కు బలం వచ్చేది పోత తరువాత చేసే వేడి పదును వల్ల. వెల్డింగ్ వేడికి ఆ చుట్టూ పదును పోతుంది. పైన రాకి రంగు కొడితే కంటికి కొత్తదే, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అలాంటి చక్రం మీద పిల్లలను ఎక్కించము.

స్టీలుకు లోపం లేదని అనము. తుప్పు పడుతుంది, రంగు కింద దాక్కుంటుంది. చాలా ఏళ్ళు వాడితే బోల్టు రంధ్రాల దగ్గర సన్నగా పగులుతుంది. అందుకే ఏటా చూసుకోవాలి. అలాయ్‌లో కూడా ఫోర్జింగ్ చేసినవి గట్టివే. కానీ కొటేషన్‌లో ఉన్నవి అవి కావు, పోత రకం. కొటేషన్ మేము చదివాము.

ఇంకొక తమ్ముడు, "రైల్వేలో పనిచేసినవాళ్ళు, ఇప్పుడు రైలు పెట్టెలే అల్యూమినియంతో చేస్తున్నారని తెలీదా?" అని ఎగతాళి చేశాడు. తెలుసు నాయనా. పుణె మెట్రో పెట్టెలు అల్యూమినియంవే. వంగి కింద చూడు, చక్రం ఉక్కు. మనకు దగ్గర్లోనే యలహంకలో రైలు చక్రాల ఫ్యాక్టరీ ఉంది, అక్కడ పోసేదీ ఉక్కే. అయినా పట్టా మీద నడిచే చక్రం వేరు, దాన్ని సాక్ష్యంగా తేవడం లేదు. ఎగతాళికి జవాబు, అంతే.

ఇక గౌరవం. 2020లో వచ్చిన థార్‌లో తక్కువ ధర రకానికి 16 అంగుళాల స్టీలు, ఎక్కువ ధర రకానికి 18 అంగుళాల అలాయ్ పెట్టారు. జిమ్నీలో కూడా పై రకానికే అలాయ్. అడవికి మేలని కాదు, డబ్బు ఎక్కువ పెట్టినవాడి కంటికి ఏదో కనబడాలి. మన సైన్యం ఏళ్ళ తరబడి నడిపిన జిప్సీలకు స్టీలు రిమ్ములే. సైన్యానికి తక్కువ కాని గౌరవం మనకు ఎక్కడ తక్కువైంది? ఉగాది చందాలో పూలమ్మే అవ్వ ఇచ్చిన యాభై రూపాయలు కూడా ఉన్నాయి. ఒక అలాయ్ ధరకు రెండు మూడు స్టీలు రిమ్ములు వస్తాయి.

కార్యదర్శి గారిని మేము అడిగేది ఇది. అడ్వాన్సు ఇంకా కట్టలేదని విన్నాము, కట్టవద్దు. ఐఎస్ఐ గుర్తున్న స్టీలు రిమ్ములు ఆరు కొనండి, నాలుగు చక్రాలకు, రెండు స్టెప్నీలకు. ఆరింటికీ ఒకే రకం నట్లు ఉండాలి. మిగిలిన డబ్బుతో రెండు ట్యూబులు, మంచి జాకీ, గాలి పంపు. కొత్త రిమ్ములు వేశాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్ళీ బిగించాలి, అది మేము చూసుకుంటాము. రెండో శనివారం కంటి క్యాంపు ఉంది. బండి శుక్రవారం సాయంత్రానికి మా చేతికి రావాలి.